పులి-మేక గీతల్లోనే ఉంది కంప్యూటరు చదువు

(మా గ్రామీణ విలేఖరి)

కళ్యాణదుర్గం: వేరుశనగ ఎండిన ఏడు మా వైపు ఊళ్లలో మగవాళ్లకు మిగిలేవి రెండే చోట్లు. ఒకటి బెంగుళూరు బస్సు, రెండోది గుడి అరుగు. బస్సెక్కని వాళ్లు అరుగు మీద పులి-మేక ఆడుతూ కూర్చుంటారు. ఆ బండ మీద గీతలు ఎవరు చెక్కారో మా తాతలకే తెలియదు. మూడు పెంకులు పులులు, పదిహేను గులకరాళ్లు మేకలు. ఈ వేసవిలో ఆ అరుగు మీద జరిగిన చిన్న సంగతి ఒకటి చూసిన తరువాత ఈ నాలుగు మాటలు రాయక తప్పదనిపించింది.

మా అన్న కొడుకు కంప్యూటర్ సైన్సులో ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. వీడియో గేములు తయారుచేసే కంపెనీలో చేరాలని వాడి కోరిక. అందుకోసం బెంగుళూరులో ఒక శిక్షణ సంస్థలో మూడు నెలల కోర్సులో చేరాడు. మా అన్న రెండు ఎనుములు అమ్మి ఫీజు కట్టాడు. అక్కడ నేర్పింది ఏమిటంటే, ముందే తయారై ఉన్న బొమ్మలను తెర మీదికి లాగి పెట్టడం, అవి ఎగిరేటట్టు, దూకేటట్టు మీటలు నొక్కడం. చివర రంగురంగుల సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ సర్టిఫికెట్ పట్టుకుని ఇంటర్వ్యూకు వెళితే మొదటి ప్రశ్నే డేటా స్ట్రక్చర్స్ మీద వచ్చింది. స్టాకుకూ క్యూకూ తేడా ఏమిటని అడిగారు. కాలేజీలో బట్టీ పట్టిన నిర్వచనం అప్పజెప్పాడు. నువ్వు తయారుచేసే ఆటలో ఏది ఎక్కడ వాడతావని అడిగితే నోరు పెగల్లేదు. మరో రెండు చోట్లా అదే అయింది. ఎనుములు పోయాయి, పిల్లవాడు ఇంటికి వచ్చాడు.

నేను ఇంటర్మీడియట్ దాకా చదివినవాణ్ణి. ఈ డేటా స్ట్రక్చర్స్ అనే మాట నాకూ కొత్తే. పుస్తకాల తెలుగులో దత్తాంశ నిర్మాణాలు అంటారట. ఆ మాట వింటే తెలిసింది కూడా మరిచిపోతాం. కాని వాడు ఊరికే ఉండలేక, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ మీద మన పులి-మేకనే గేముగా చేస్తానని కూర్చున్నప్పుడు నాకు కొంత అర్థమయింది.

గీత లేని చోట దూకిన పులి

పులి-మేక బండ మీద మొత్తం 23 చోట్లు. పైన కొన ఒకటి. దాని కింద మూడు వరుసల్లో ఆరేసి. అడుగు వరుసలో నాలుగు. మావాడు దీన్ని అడ్డవరుసలు, నిలువు వరుసలుగా, అడంగల్ పట్టీలో గళ్లు గీసినట్టు కంప్యూటరులో పెట్టాడు. పక్కపక్కన ఉన్న గడుల్లోకి పులి కదలవచ్చని రాశాడు. చూడటానికి బాగానే ఉంది. ల్యాప్‌టాప్ తెచ్చి అరుగు మీద పెట్టి ఊళ్లో పెద్దాయన ఒకరిని ఆడమన్నాడు.

ఆయనకు సంతకం తప్ప అక్షరం రాదు. నాలుగు ఎత్తులు ఆడి చేయి తీసేశాడు. "ఏమప్పా, కొన మీది పులి పక్క చెవిలోకి ఎట్లా వచ్చింది? ఆడ గీతే లేదే! గీత లేని చోట పులి ఎట్లా దూకుతుంది?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నలో ఇంటర్వ్యూలో అడిగినదంతా ఉంది. కొన నుంచి కిందికి నాలుగు గీతలే దిగుతాయి. మొదటి వరుస రెండు చివరల్లోని చోట్లకు కొన నుంచి దారి లేదు. గళ్ల పట్టీలో పెడితే ఈ సంగతి పోతుంది. ఎందుకంటే గళ్ల పట్టీకి పక్క గడి ఏదో తెలుసు గాని, గీత ఉందో లేదో తెలియదు. ఆటలో సొగసు కాదు, ఆటే తప్పిపోతుంది. సామాను సరైన సంచిలో పెట్టకపోతే దారిలో కారిపోయినట్టే.

మావాడు మళ్లీ మొదలు పెట్టాడు. ఈసారి 23 చోట్లకూ నంబర్లు వేశాడు. ప్రతి నంబరు ఎదుట దాని నుంచి గీత ఉన్న చోట్లు మాత్రమే రాశాడు. మేకను చంపాలంటే పులి, మేక, ఖాళీ చోటు మూడూ ఒకే గీత మీద వరుసగా ఉండాలి గనుక, అట్లాంటి మూడేసి చోట్ల జాబితా ఇంకొకటి వేరుగా రాశాడు. దీన్నే కంప్యూటరు చదువులో గ్రాఫ్ అంటారు. చుక్కలు, వాటిని కలిపే గీతలు, అంతే. ఈసారి పెద్దాయన పులి తప్పు చోట దూకలేదు.

అరుగు మీది ఆటలు, ఊరిలోని పనులు

ఇట్లా చూస్తే ఈ చదువులో మనకు తెలియనిది తక్కువ. ఆడవాళ్లు ఆడే వామనగుంటలు చూడండి. రెండు వరుసల్లో పద్నాలుగు గుంటలు. గుంటకొక నంబరు, గుంటలో చింతగింజల లెక్క. 14వ గుంట తరువాత మళ్లీ 1వ గుంట. దీన్ని అరే అంటారు. ఎన్నో గుంట అని చెబితే చాలు, వెదకకుండా చేయి అక్కడికే పోతుంది.

గోదాములో ఒకదాని మీద ఒకటి పేర్చిన శనక్కాయల మూటలు స్టాక్. చివర పెట్టిన మూటే ముందు దిగుతుంది. ఆటలో ఎత్తు వెనక్కి తీసుకోవాలంటే ఇదే కావాలి. చివర ఆడిన ఎత్తు ముందు వెనక్కి రావాలి కదా! చౌక దుకాణం ముందు నిలబడిన వరుస క్యూ. ముందు వచ్చినవాడు ముందు. ఆటలో నొక్కిన మీటలను వచ్చిన వరుసలో పాటించడానికి ఇది కావాలి. ఆసుపత్రి ఓ.పి. ముందు జ్వరాల వాళ్లు వరుసలో ఉండగా చేలో పాము కరిచిన మనిషిని మోసుకొస్తే డాక్టరు అతన్నే ముందు చూస్తాడు. అది ప్రయారిటీ క్యూ. వంశవృక్షం ట్రీ. ఊరి పేరు చూడగానే తపాలా ఉద్యోగి ఉత్తరాన్ని ఏ అరలో వేయాలో అందులో వేసినట్టు, పేరు నుంచి నేరుగా అర నంబరు తేల్చేది హాష్ టేబుల్.

పోతే, కంప్యూటరు మనతో ఆడాలంటే ఇంకొకటి కావాలి. పులికి అయిదు ఎత్తులు ఉన్నాయనుకోండి. ఒక్కొక్కదానికి మేకలవాడు పది రకాలుగా జవాబు ఇవ్వగలడు. అంటే 50 దారులు. మళ్లీ పులి అయిదు, 250. మళ్లీ మేక పది, 2,500. ఇట్లా కొమ్మలు కొమ్మలుగా చీలే చెట్టును ముందుకు చూసి మంచి కొమ్మను ఎంచుకోవాలి. చదరంగం ఆడే కంప్యూటరుకు ఈ పద్ధతిని అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ 1950లోనే వ్యాసంగా రాశాడు. మన పెద్దాయన మూడు నాలుగు ఎత్తులు ముందుకు చూసి మేకను జరిపేటప్పుడు మనసులో చేసేదీ ఇదే.

వెయ్యి గొర్రెల లెక్క

ఆడటానికి ఇంత తిప్పలు ఎందుకు, కంప్యూటరు వేగమైనది కదా అని అనవచ్చు. ఒక లెక్క వేసి చూద్దాం.

తెర మీద వెయ్యి గొర్రెలు తిరుగుతున్నాయి. ఒకటి ఇంకొకదాని మీదికి ఎక్కకూడదు. అందుకు ఏది ఏదానికి తగులుతోందో చూడాలి. ప్రతి గొర్రెనూ మిగిలిన ప్రతి గొర్రెతోనూ పోల్చితే 4,99,500 జతలు. మంచి గేములో తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. అంటే సెకనుకు దాదాపు మూడు కోట్ల పోలికలు. సెల్‌ఫోను వేడెక్కుతుంది, ఆట నత్తనడక నడుస్తుంది.

ఇప్పుడు ఆ బయలును గట్లు వేసి నూరు మళ్లుగా చేయండి. మడికి పది గొర్రెలు వస్తాయి. ఒక గొర్రె తన మడిలోని వాటితో, చుట్టూ ఉన్న ఎనిమిది మళ్లలోని వాటితో పోల్చుకుంటే చాలు. ఆ మూల ఉన్న గొర్రె ఈ మూలదానికి ఎట్లాగూ తగలదు. అప్పుడు మొత్తం పోలికలు 45 వేలకు మించవు. పని పదో వంతుకు తగ్గింది. యంత్రం మారలేదు, గొర్రెలు తగ్గలేదు. గట్లు వేశాం, అంతే. ఖరీదైన యంత్రం కొనలేని మన వంటి వారికి ఈ చదువు అందరికంటే ఎక్కువ అవసరం.

ఇది నేను కల్పించిన మాట కాదు. 2009లో స్వీడన్‌లో మార్కస్ పర్సన్ మొదలుపెట్టిన మైన్‌క్రాఫ్ట్ అనే ఆటను 2023 నాటికి 30 కోట్ల ప్రతులకు పైగా అమ్మారు. ఆ ఆటలోని లోకం అంతు లేనట్టు కనబడుతుంది. కాని దాన్ని 16 గళ్ల పొడవు, 16 గళ్ల వెడల్పు గల మళ్లుగా విభజించారు. ఆడేవాడికి దగ్గరి మళ్లు మాత్రమే యంత్రం జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. 1993లో అమెరికాలో వచ్చిన డూమ్ అనే ఆటలో, ఏ గోడ ముందు, ఏ గోడ వెనుక అని వేగంగా తేల్చడానికి జాన్ కార్మాక్ స్థలాన్ని రెండుగా, ఒక్కొక్క సగాన్ని మళ్లీ రెండుగా చీల్చే చెట్టును వాడాడు. అన్నదమ్ములు భూమి పంచుకున్నట్టే. ఆనాటి బక్క కంప్యూటర్ల మీద ఆ ఆట అంత వేగంగా నడవడానికి అది పెద్ద కారణం.

కళ్యాణదుర్గం నుంచి బెంగుళూరుకు పావగడ మీదుగా పోవాలా, పెనుకొండ మీదుగా పోవాలా అని మనం తర్కిస్తాం కదా. అట్లాంటి దగ్గరి దారిని తేల్చే పద్ధతిని హాలండు దేశస్థుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాఫీ హోటల్లో కూర్చుని, కాగితం కలం లేకుండా, ఇరవై నిమిషాల్లో ఆలోచించాడట. ఆయనే చెప్పుకున్న మాట. 1959లో అచ్చయింది. ఆటలో శత్రువు మన వెంట పడి దారి వెతుక్కుంటూ వచ్చేది దాని నుంచి పెరిగిన పద్ధతులతోనే.

మనవాళ్లకు కొత్తా?

ఇదంతా దొరల చదువు, మనకెక్కడ అబ్బుతుంది అని నిట్టూర్చే వాళ్లున్నారు. మైన్‌క్రాఫ్ట్ తయారుచేసిన కంపెనీని 2014లో 250 కోట్ల డాలర్లకు కొన్నది మైక్రోసాఫ్ట్. ఆ ఏడే దానికి అధిపతి అయిన సత్య నాదెళ్ల హైదరాబాదులో పుట్టినా, ఆయన తండ్రి, ఐ.ఎ.ఎస్. అధికారి బి.ఎన్.యుగంధర్ గారి స్వగ్రామం మన జిల్లా యల్లనూరు మండలం బుక్కాపురం. అదే మైక్రోసాఫ్ట్ 2023లో యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే గేముల కంపెనీని 6,870 కోట్ల డాలర్లకు కొన్నది. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరు పల్లెలో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారికి కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ బహుమతి వచ్చింది. ఆసియాలో పుట్టినవారిలో ఆ బహుమతి అందుకున్న మొదటివారు ఆయనే. పల్లె పిల్లల కోసం 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీల విశ్వవిద్యాలయానికి ఆయనే మొదటి చాన్సలర్. కరువు నేల మీద బుర్రలకు కరువు లేదు.

పేకాట వేరు, ఆట కట్టడం వేరు

ఇక ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. సెల్‌ఫోను ఆటల వల్లనే పిల్లలు చెడిపోతుంటే విలేఖరి వాటినే చదవమంటాడేమిటని అడుగుతారు. అడగవలసిన మాటే. ఫోనులో పేకాట ఆడి అప్పులపాలైన కుటుంబాలు మా మండలంలోనూ ఉన్నాయి. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టం చేసింది. మంచి పని. కాని సారా తాగేవాడికీ బావి తవ్వేవాడికీ ఉన్నంత తేడా, ఆట ఆడి డబ్బు పోగొట్టుకునేవాడికీ ఆట కట్టడం నేర్చుకునేవాడికీ ఉంది. ఆట కట్టేవాడు లెక్క వేయాలి, తప్పు వెతకాలి, మళ్లీ రాయాలి. రోజంతా ఫోను చూసే పిల్లవాణ్ణి తిట్టే బదులు, ఇట్లాంటిది నువ్వొకటి చేసి చూపించరా అంటే వాడికే తెలుస్తుంది ఎంత కష్టమో.

మరో మాట కూడా దాచకుండా చెప్పాలి. గేముల ఉద్యోగాలు వేలం వెర్రిగా దొరికేవి కావు. యాక్టివిజన్‌ను కొన్న మరుసటి ఏడు, 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేముల విభాగంలో 1,900 మందిని తీసివేసింది. కనుక గేముల కంపెనీని నమ్ముకుని చేను కుదువ పెట్టవద్దు. అయితే ఈ మూల చదువు వృథా పోదు. రైలు టికెట్ల వరుస, బ్యాంకు ఖాతాలు, పటంలో దారి చూపడం, భూమి రికార్డులు, అన్నిటి కిందా ఇవే అరలు, ఇవే చెట్లు. లక్ష పేర్లు వరుసలో పెట్టి ఉంటే, నడిమికి నడిమికి చీలుస్తూ 17 సార్లు చూస్తే ఏ పేరైనా దొరుకుతుంది. ఇది తెలిసినవాడు గేముల్లో పని దొరకకపోయినా మరో చోట బతుకుతాడు. బొమ్మలు లాగి పెట్టడం మాత్రమే వచ్చినవాడు, ఆ బొమ్మల పెట్టె మారిన నాడు బజారున పడతాడు.

ఏం చేయాలి?

తప్పు పిల్లల్లో లేదు. నేర్పే తీరులో ఉంది. పల్లె నుంచి వెళ్లిన పిల్లవాడు ఇంగ్లీషులో నిర్వచనం బట్టీ పడతాడు. పరీక్షలో మార్కులు వస్తాయి. అది దేనికి పనికి వస్తుందో ఎవరూ చెప్పరు. తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధించడానికి అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2021-22 నుంచి అనుమతించింది. డేటా స్ట్రక్చర్స్ మీద దేశమంతా చదివే ఇంగ్లీషు పుస్తకం ఒకటి రాసింది మన తెలుగువాడే, కరుమంచి నరసింహ. ఐ.ఐ.టి. ఆచార్యుల పాఠాలు ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా ఉచితంగా వినవచ్చు. గేములు కట్టే గోడో అనే పనిముట్టు కూడా ఉచితమే. దొరకనిది ఒక్కటే. వీటిని మన పిల్లవాడికి మన మాటల్లో, మన ఆటల్లో చెప్పే మనిషి.

అనంతపురంలో 1946 నాటి ఇంజనీరింగ్ కళాశాల ఉంది. 2008లో అది కేంద్రంగా విశ్వవిద్యాలయమే ఏర్పడింది. అక్కడి విద్యార్థులు ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకు పల్లెలకు వచ్చినప్పుడు వీధులు ఊడ్చి ఫోటో దిగి పోకుండా, వారం రోజులు అరుగు మీద కూర్చుని పులి-మేకను, వామనగుంటలను కంప్యూటరులోకి ఎక్కించడం హైస్కూలు పిల్లలకు చూపితే ఎంత బాగుంటుంది! ఆచార్యులు పూనుకుంటే యాభై పేజీల తెలుగు పుస్తకం ఒక వేసవిలో తయారవుతుంది. ప్రతి శాఖా గ్రంథాలయంలో ఒక కంప్యూటరు, ఈ పుస్తకాలు రెండు మూడు ఉంచడం జిల్లా గ్రంథాలయ సంస్థకు తలకు మించిన భారం కాదు. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. పంచిన యంత్రంలో పాఠం చూడటమే గాని, పాఠం కట్టడం ఎవరు నేర్పారు? సెలవుల్లో తాళం పడే కంప్యూటరు గదులను వారానికి రెండు రోజులైనా తెరిచి ఉంచాలి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. శిక్షణ సంస్థకు ఫీజు కట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి. డేటా స్ట్రక్చర్స్ ఎన్ని వారాలు చెబుతారు? కోర్సు అయ్యేసరికి మా పిల్లవాడు తయారు బొమ్మలు లేకుండా సొంతంగా ఒక ఆట కట్టి చూపగలడా? జవాబు తిన్నగా రాకపోతే గొడ్డూ గోదా అమ్ముకోకుండా తిరిగి రండి. మా అన్న ఈ రెండు ప్రశ్నలు అడిగి ఉంటే మా పాకలో ఎనుములు ఉండేవి.

మావాడి ఆట ఇంకా పూర్తి కాలేదు. పులి తప్పు చోట దూకడం లేదు గాని, మేకలాడే కంప్యూటరును పెద్దాయన ఇప్పటికీ సులభంగా ఓడిస్తున్నాడు. రెండు ఎత్తులే ముందుకు చూస్తోందట, నాలుగు చూసేటట్టు చేయాలట. సాయంత్రం అయ్యేసరికి హైస్కూలు పిల్లలు అయిదారుగురు వాడి చుట్టూ చేరుతున్నారు. ఉన్నది ఒక్క ల్యాప్‌టాప్, అదీ బ్యాటరీ ఆగనిది. అరుగు మీద మొదలైన ఈ చిన్న బడికి మండల విద్యాశాఖ అధికారులు, గ్రంథాలయ సంస్థవారు ఒక గది, ఒక కంప్యూటరు చూపించాలని గ్రామస్థులు కోరుతున్నారు.